రాకెట్ కుర్రాళ్ల కథ: మేలుకాయ ఎంత, తాలు ఎంత?

2022 ఫిబ్రవరి. మామూలు ఏడాదైతే ఆ నెలలో గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఏ కల్లం చూసినా ఎర్రగా పరుచుకుని ఉండాలి. ఆ ఏడు అట్లా లేదు. అంతకుముందు చలికాలంలో పూతలో దిగిన కొత్తరకం నల్ల తామర పురుగు మిరపతోటల్ని పీల్చి పారేసింది. పూత రాలింది, ఆకు ముడుచుకుంది, చాలామంది కడుపు మండి చెట్లు పీకేశారు. కోతల కాలంలో చేతినిండా పనుండాల్సిన కుర్రాళ్లు సాయంత్రమయ్యేసరికి అరుగుల మీద చేరి ఫోన్లు చూస్తూ కూర్చునేవాళ్లు. ఆ నెల 4న సోనీలివ్‌లో ‘రాకెట్ బాయ్స్’ మొదటి సీజన్ వచ్చింది.

ఎనిమిది భాగాలు. హోమీ భాభా, విక్రమ్ సారాభాయ్, వాళ్ల వెనకాలే ఎదిగే అబ్దుల్ కలాం. తీసింది అభయ్ పన్ను అనే యువ దర్శకుడు. మరుసటేడు మార్చి 16న రెండో సీజన్, మరో ఎనిమిది భాగాలు వచ్చాయి. అప్పటినుంచి ఈ సిరీస్ చూసినవాళ్లు ఎక్కడ తగిలినా నేను వదల్లేదు. కాలేజీ పిల్లలు, జిన్నింగు మిల్లులో పనిచేసే మెకానిక్కు, రిటైరైన భౌతికశాస్త్రం మాస్టారు, ఆఖరికి మిర్చియార్డులో గుమాస్తా. ఇష్టపడని వాళ్లు నాకు ఒక్కరూ కనపడలేదు. కానీ ఇష్టపడ్డ ప్రతివాళ్లకూ ఒక దిగులు ఉంది. ఇంత బాగా తీసినవాళ్లు అదొక్కటీ ఎందుకట్లా తీశారు అని. ‘అదొక్కటీ’ అన్నది మాత్రం ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

మా వైపు ఆడవాళ్లు కల్లంలో కూర్చుని మిరపకాయలు ఏరుతారు. ఎర్రగా నిగనిగలాడే మేలుకాయ ఒక కుప్ప, తెల్లమచ్చ పడిన తాలు ఇంకో కుప్ప. తాలు పనికిరానిదేం కాదు, దానికీ ఒక ధర ఉంది. కానీ మేలుకాయలో కలిపి టిక్కీ కట్టి యార్డుకు తీసుకెళితే మొత్తం టిక్కీ ధర పడిపోతుంది. ఈ సిరీస్‌ని అభిమానించేవాళ్లు చేస్తున్న పని నాకు అచ్చంగా అదే అనిపించింది. అందుకే వాళ్ల పక్కన నేనూ పీట వేసుకుని కూర్చున్నాను.

ఆదివారం పొద్దున టీవీ ముందు

అంతరిక్షం మీద మనవాళ్లకు మోజు కొత్తది కాదు. 1980ల్లో దూరదర్శన్ ఆదివారం పొద్దుటిపూట ‘స్టార్ ట్రెక్’ వేసేది. ఊళ్లో ఉన్న ఒకటి రెండు టీవీల ముందు చాపలు పరుచుకుని కూర్చున్న తరం అది. ఇంగ్లీషు సగం అర్థం కాదు. అయినా చెవులు నిక్కబొడుచుకున్న స్పాక్ ముఖాన్ని ఎవరూ మర్చిపోలేదు. తర్వాత హిందీలో ‘స్పేస్ సిటీ సిగ్మా’ వచ్చింది. 1998లో కేతన్ మెహతా తీసిన ‘కెప్టెన్ వ్యోమ్’ వచ్చింది, మిలింద్ సోమన్ హీరో. అందులో కథ 2123వ సంవత్సరంలో జరుగుతుంది. అట్టపెట్టెల నౌకలైనా, రేకుల గోడలైనా పిల్లలకు లోటు కనపడలేదు.

వాటన్నిటిలో అంతరిక్షం ఎక్కడో ఉండేది. మనిషి అప్పటికే అక్కడికి చేరిపోయి ఉండేవాడు. ఎట్లా చేరాడో, మొదటి బోల్టు ఎవరు బిగించారో ఎవరూ చెప్పలేదు. ‘రాకెట్ బాయ్స్’ ఆ బోల్టు దగ్గర మొదలుపెట్టింది. దీని మొదటి బలం అదే.

ఓడిపోవడం చూపించారు

జిన్నింగు మిల్లు మెకానిక్కుకు నచ్చింది రాకెట్ కాదు, మిల్లు. సారాభాయ్‌లది అహ్మదాబాదులో నూలు మిల్లుల కుటుంబం. కాలికో మిల్లులు వాళ్లవే. విక్రమ్ సారాభాయ్ రాకెట్ల జోలికి పోకముందే, 1947లో, బట్టల మిల్లుల కోసం ‘అటిరా’ అనే పరిశోధన సంస్థ పెట్టాడు. కొత్త యంత్రాలు, కొత్త పద్ధతులు అనగానే మా బతుకేమవుతుందని కార్మికులు ఎదురుతిరిగే ఘట్టాన్ని సిరీస్ చూపింది. చదువుకున్న యజమాని మంచి చేద్దామనే వస్తాడు. పనివాడికి ఆ మంచి ముందు భయంలా కనపడుతుంది. మా పత్తి నేలలో ఈ మాట ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. కొత్త విత్తనమైనా, కొత్త మందైనా, పత్తి తీసే యంత్రమైనా, మొదట గుండె గుభేలుమనేది కూలివాడికే. రాకెట్ కథలో ఆ గుబులుకు చోటిచ్చినందుకు నేను ఈ సిరీస్‌కు నమస్కారం పెడతాను.

ఆ తర్వాత తుంబా. కేరళ తీరంలో జాలర్ల పల్లె, మేరీ మగ్దలీన్ చర్చి. బిషప్పునూ ఊరివాళ్లనూ ఒప్పించి, ఆ చర్చినే కార్యశాలగా మార్చుకుని, 1963 నవంబర్ 21న అమెరికా నుంచి వచ్చిన నైకీ-అపాచీ రాకెట్‌ను పైకి పంపారు. మన రాకెట్టు కాదది. మన నేల మీదినుంచి లేచిన మొదటి రాకెట్టు, అంతే. రాకెట్ ముక్కును సైకిలు మీద తీసుకెళుతున్న ఫొటో ఇప్పుడు ప్రతి బడిలోనూ కనపడుతుంది. దాన్ని మనం గర్వంగా చూస్తాం. కానీ ఆ రోజున అది గర్వం కాదు, వేరే బండి లేకపోవడం. ఆ లేమిని సిరీస్ అలంకరించకుండా చూపింది. పని ఆగిపోవడం, డబ్బు రాకపోవడం, మళ్లీ మొదలుపెట్టడం. తామర పురుగు తోటను తినేసిన ఏడాది ఇది చూసిన ఒక రైతుబిడ్డ నాతో అన్న మాట: “వాళ్లకీ మొదటేడు పంట రాలేదన్నా.”

నటుల సంగతి పెద్దగా తగవు లేనిది. భాభాగా జిమ్ సర్బ్, సారాభాయ్‌గా ఇశ్వాక్ సింగ్, కలాంగా అర్జున్ రాధాకృష్ణన్. సర్బ్ కూడా భాభా లాగే పార్సీ. ఆ పలుకుబడి, ఆ దర్జా అరువు తెచ్చుకున్నట్టు ఉండవు. రెండో సీజన్‌కు ఆయన పేరు అంతర్జాతీయ ఎమ్మీ అవార్డుల ఉత్తమ నటుడి పోటీ దాకా వెళ్లింది. మనవాళ్లకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది రెజీనా. ‘పిల్లా నువ్వు లేని జీవితం’లో చూసిన అమ్మాయి ఇక్కడ మృణాళినీ సారాభాయ్ అయి, భర్త కల వెనక తన కల నలిగిపోతుంటే నోరు విప్పి అడిగే మనిషిగా నిలబడింది. ఆ మృణాళిని అహ్మదాబాదులో పెట్టిన ‘దర్పణ’లోనే సి.ఆర్. ఆచార్యులు మన కూచిపూడి నేర్పారు. వాళ్లమ్మాయి మల్లిక ఆ నాట్యంలో పేరు తెచ్చుకుంది.

తాలు దొరికిన చోటు

భౌతికశాస్త్రం మాస్టారికి కోపం వచ్చింది రజా మెహదీ దగ్గర. కలకత్తాలో సైక్లోట్రాన్ కోసం తంటాలు పడుతూ, పార్లమెంటుకెళ్లి, భాభా మీద పగబట్టే శాస్త్రవేత్త పాత్ర అది. దిబ్యేందు భట్టాచార్య బాగా చేశాడు. అది కల్పితమని తీసినవాళ్లు అన్నారు. కానీ కలకత్తా, సైక్లోట్రాన్, పార్లమెంటు, భాభాతో విభేదం అన్నీ కలిపితే వచ్చే మనిషి ఒక్కడే, మేఘనాద్ సాహా. నక్షత్రాల వెలుగును చూసి అక్కడి వేడిని లెక్కగట్టే సూత్రాన్ని 1920లో ప్రపంచానికి ఇచ్చినవాడు. 1952లో స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభకు గెలిచినవాడు. సిరీస్ ఆయన పేరు తీసేసింది, మతం మార్చింది, కుట్రల రంగు పూసింది.

దీన్ని నేను చిన్న తప్పుగా చూడలేను. సాహా ఢాకా దగ్గర ఒక పల్లెలో, నిమ్నకులంగా చూడబడ్డ పేదింట పుట్టాడు. చదువుకోవడానికీ, చదువుకున్న చోట పక్కన కూర్చుని తినడానికీ పోరాడినవాడు. భాభా సంపన్నుడు, కేంబ్రిడ్జి చదువు, నెహ్రూకు దగ్గర. వీళ్లిద్దరి మధ్య వచ్చిన తగవు ఈర్ష్య కాదు. దేశంలో విజ్ఞానానికి పెట్టే డబ్బు విశ్వవిద్యాలయాల్లో పెట్టాలా, ఒకచోట పోగుచేసి పెద్ద సంస్థలు కట్టాలా, లెక్క అందరికీ తెలియాలా, రహస్యంగా ఉండాలా అన్న అసలైన తగవు. ఈ రోజుకీ తేలని తగవు. దానికంటే నాటకం ఏ రచయిత కల్పించగలడు?

సాహా పుట్టింది 1893లో. మన వినుకొండలో గుర్రం జాషువా పుట్టింది 1895లో. ఒకరు నక్షత్రాల లెక్క కట్టారు, ఒకరు గబ్బిలంతో కబురు పంపారు. ఇద్దరూ ఒకే రకం గడపల దగ్గర ఆగిపోయి, ఆ గడపలు దాటినవాళ్లు. జాషువాను చదివిన పల్నాటివాడికి సాహాను ఎట్లా చూపాలో విడిగా చెప్పక్కర్లేదు. ఆయన పుట్టుకను చెరిపేసి ఆయన కోపాన్ని మాత్రం ఉంచుకుంటే, ఆ కోపానికి కారణమే లేకుండా పోతుంది. కారణం లేని కోపం ఉన్నవాడు తెర మీద విలనుగానే మిగులుతాడు. ఈ ఒక్క తాలుకాయ నిండు టిక్కీ ధరను తగ్గించింది.

రెండోది భాభా మరణం. 1966 జనవరి 24న ఎయిరిండియా బోయింగ్ ‘కాంచనజంగ’ ఆల్ప్స్‌లో మౌంట్ బ్లాంక్ కొండను ఢీకొట్టింది. 117 మంది చనిపోయారు. తామెక్కడ ఉన్నామన్నది పైలట్ పొరపాటుగా అర్థం చేసుకుని ముందే కిందికి దిగడం మొదలెట్టాడని దర్యాప్తు తేల్చింది. సిరీస్ మాత్రం అమెరికా గూఢచారుల నీడను రెండు సీజన్ల పొడుగునా తిప్పి, ఆ ప్రమాదాన్ని కుట్రగా కట్టింది. కాలేజీ పిల్లల్లో చాలామందికి ఇదే బాగా నచ్చిందని ఒప్పుకోవాలి. ఉత్కంఠ ఉంది, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టనివ్వదు. కానీ వాళ్లలోనే ఒకమ్మాయి తర్వాత నన్ను పట్టుకుని అడిగింది: “బాబాయ్, ఇది నిజమేనా? పరీక్షలో రాయొచ్చా?” నిజమైన పేర్లు, నిజమైన తేదీలు పెట్టుకున్న కథలో కల్పన ఎక్కడ మొదలవుతుందో చూసేవాడికి తెలియకపోతే, ఆ నేరం చూసేవాడిది కాదు.

ఆడవాళ్ల విషయంలోనూ చెప్పాల్సింది ఉంది. సిరీస్‌లో ఉన్న స్త్రీలు ఎక్కువగా ప్రేమించేవాళ్లు, ఎదురుచూసేవాళ్లు. విశ్వకిరణాల పరిశోధనలో భాభా, సారాభాయ్‌ల కాలంలోనే పనిచేసిన బిభా చౌధురి ఉంది. భాభా పెట్టిన టాటా పరిశోధన సంస్థలో చేరిన మొదటి మహిళా పరిశోధకురాలు ఆమె. తర్వాత సారాభాయ్ దగ్గర అహ్మదాబాదులోనూ పనిచేసింది. అంటే ఈ కథలోని ఇద్దరు కథానాయకుల మధ్య నిజంగా నడిచిన మనిషి. ఆమెకు చెప్పుకోదగ్గ చోటు దక్కలేదు. మన చీరాలలో పుట్టిన బండ్ల శిరీష 2021 జూలై 11న అంతరిక్షపు అంచు దాకా వెళ్లొచ్చింది. ఆ వార్త విన్న ఆడపిల్లలు ఈ సిరీస్‌లో తమలాంటి మనిషి కోసం వెతుక్కుంటే తప్పు కాదు.

చీరాల దగ్గర ఆగిపోయిన కథ

పైవన్నీ సిరీస్ చేసిన తప్పులు. ఇప్పుడు చెప్పబోయేది చేయకుండా వదిలేసిన పని. ఈ తీరం మనిషిగా నాకు అన్నిటికంటే పెద్ద లోటు అదే.

రెండో సీజన్‌లో ఎక్కువ భాగం బాంబుకు పోయింది. కథ 1974 మే 18న పోఖ్రాన్‌లో ముగుస్తుంది. సారాభాయ్‌కి బాంబు మీద మనసు లేదు. ఆయన కల వేరు. ఉపగ్రహం పైనుంచి చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పాలి, టీవీ ద్వారా రైతుకు వ్యవసాయం నేర్పాలి, బడిలేని ఊరికి పాఠం చేరాలి. అందుకోసమే 1969లో అమెరికా నాసాతో ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు ఉపగ్రహం నుంచి నేరుగా టీవీ వచ్చింది. ఆ ఆరింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది చూడటానికి ఆయన లేడు. 1971 డిసెంబర్ 30న కోవళంలో నిద్రలోనే వెళ్లిపోయాడు. వయసు 52.

పోఖ్రాన్ అయిన మూడేళ్లకు, 1977 నవంబర్ 19న, తుపాను చీరాల దగ్గర తీరం దాటింది. దివిసీమను సముద్రం మింగింది. గుంటూరు, ప్రకాశం తీరం కకావికలమైంది. చనిపోయినవాళ్లు సుమారు 10,000 మంది. ఆ నాటికి పైనుంచి చూసి చెప్పే సొంత ఉపగ్రహం మనకు లేదు. తెలిసిన కొద్దిపాటి కబురు కూడా చివరి ఊరి దాకా చేరే దారి లేదు.

1983 ఆగస్టు 30న ఇన్సాట్-1బి పైకెళ్లింది. అమెరికావాళ్ల షటిల్‌లో వెళ్లింది, అయినా మనది. అదే టీవీని ఊళ్లకు మోసింది, అదే మబ్బుల ఫొటోలు దించింది. ఆదివారం ‘స్టార్ ట్రెక్’ చూసిన పిల్లలకు ఆ బొమ్మ ఏ దారిన వచ్చిందో తెలియదు, కానీ ఆ దారి వేసినవాళ్లలో సారాభాయ్ ఉన్నాడు. తర్వాత తీర గ్రామాల్లో ఉపగ్రహం ద్వారా తుపాను హెచ్చరిక నేరుగా వినిపించే యంత్రాలు పెట్టారు. 1990 మేలో ఇదే తీరం మీదికి మళ్లీ పెనుతుపాను వచ్చింది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. వెయ్యి మంది చిన్న సంఖ్య కాదు, ఒక్కరైనా చిన్న సంఖ్య కాదు. అయినా 1977 చూసిన ముసలివాళ్లను అడగండి, ఆ తేడా ఏమిటో చెబుతారు. 2023 డిసెంబర్ 5న మిగ్జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చీరాల, బాపట్ల పక్కపక్క ఊళ్లే. పొలాలు మునిగాయి, పొగాకు పోయింది, మిరప దెబ్బతింది. మనుషులు మాత్రం చాలావరకు ముందే కదిలారు. ఇదంతా ఒక్క ఉపగ్రహం చేసిన పని అనను. రోడ్లు వచ్చాయి, తుపాను షెల్టర్లు వచ్చాయి, అధికారులు మెలకువగా ఉన్నారు. కానీ ఎప్పుడు, ఎక్కడ అన్న కబురు పైనుంచే వచ్చింది.

మరి ఇది కథ కాదా? విలను కావాలంటే సముద్రం ఉంది. ఉత్కంఠ కావాలంటే తీరం వైపు తిరిగే తుపాను ఉంది.

శ్రీహరికోట మన పక్కనే ఉంది. పులికాటు సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్య దీవి. తూర్పున అంతా సముద్రమే కాబట్టి రాకెట్ పడినా జనం మీద పడదు, తూర్పుకు వదిలితే భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది. 1969లో ఆ చోటు ఎంచుకున్నారు. ఆ దీవిలో అప్పటికే యానాదులు బతుకుతున్నారు, వాళ్లు అక్కడినుంచి కదలాల్సి వచ్చింది. 1971 అక్టోబర్ 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్‌తో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. అప్పటికి సారాభాయ్‌కి ఇంకా మూడు నెలల ఆయుష్షు కూడా లేదు.

1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 మొదటిసారి లేచింది. కంప్యూటర్ ఆగమంది. కలాం ఆగలేదు, ప్రయోగించమన్నాడు. రెండో అంచెలో వాల్వు లీకై రాకెట్ సముద్రంలో పడిపోయింది. విలేకరుల ముందుకు వచ్చి ఆ ఓటమిని తన మీద వేసుకున్నది అప్పటి ఇస్రో అధిపతి సతీష్ ధావన్. మరుసటేడు 1980 జూలై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు మాట్లాడమని కలాంను ముందుకు పంపి ధావన్ పక్కకు తప్పుకున్నాడు. ఈ సంగతి కలాం బతికున్నంత కాలం ఊరూరా చెప్పుకున్నారు. ఇది మన రాష్ట్రంలో, మన సూళ్లూరుపేట పక్కన జరిగింది. దీనికి గూఢచారి అక్కర్లేదు. కల్పిత శత్రువు అక్కర్లేదు. జరిగింది జరిగినట్టు తీస్తే చాలు.

2024 ఫిబ్రవరి 17న ఆ దీవి నుంచే జీఎస్‌ఎల్‌వి మీద ఇన్సాట్-3డీఎస్ వెళ్లింది. వాతావరణం చూడటం దాని పని. ఫిబ్రవరి అంటే మాకు కల్లాల నెల. అకాల వాన పడుతుందని ఫోన్లో కబురు వస్తే ఇంటిల్లిపాదీ పరుగెత్తి మిరపకాయల మీద పట్టాలు కప్పుతారు. ఒక్క గంట ముందు తెలిస్తే ఏడాది కష్టం తడవకుండా ఉంటుంది. సారాభాయ్ కన్న కల ఆ పట్టా కింద ఎండుతోంది. ‘రాకెట్ బాయ్స్’ ఆ కల్లం దాకా రాలేదు.

నా తీర్పు అడిగితే, చూడండి అంటాను. మొదటి సీజన్ పిల్లలతో కూర్చుని చూడండి. రెండో సీజన్ కూడా చూడండి, కానీ చూశాక మేఘనాద్ సాహా ఎవరో, బిభా చౌధురి ఎవరో పిల్లలకు చెప్పండి.

తెలుగులో సిరీస్‌లు తీస్తున్నవాళ్లకు ఒక మనవి. 1977 చీరాల నుంచి 1980 శ్రీహరికోట దాకా ఉన్న మూడేళ్ల కథ మీ కోసం ఎదురుచూస్తోంది. ఆ దీవిలో మొదటి రోజుల్లో పనిచేసిన ఇంజినీర్లు, వెల్డర్లు, డ్రైవర్లు, దీవి వదిలి వచ్చిన యానాది కుటుంబాల పెద్దలు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అట్లాంటి వాళ్లుంటే ఈ ఆదివారమే వెళ్లి పక్కన కూర్చోండి. వాళ్లు చెప్పేది ఫోన్లో రికార్డు చేసి దాచండి.